పదేళ్లు వాడే కారు: పెట్రోలా, ఎలక్ట్రికా?

మియాపూర్ మధు:
అందరికీ నమస్కారం. మా డీజిల్ కారుకి వచ్చే ఏడాదితో 15 ఏళ్లు నిండుతాయి. ఇప్పుడు కొనేది కనీసం పదేళ్లు వాడాలి, మధ్యలో అమ్మే ఆలోచన లేదు. ఆఫీసు గచ్చిబౌలిలో. అన్నీ కలిపి నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాం. పండగలకి ఏలూరు వెళ్తాం. సెల్లార్‌లో మా పార్కింగ్ మాకుంది, ప్లగ్ మాత్రం లేదు. ఒకే సైజు కారుకి పెట్రోల్‌కీ ఈవీకీ ఆన్‌రోడ్ తేడా మూడున్నర లక్షలు వస్తోంది. కొన్నేళ్లుగా వాడుతున్నవాళ్లు చెబితే ధైర్యంగా ఉంటుంది.

కరీంనగర్ శ్రీను:
మధు అన్నా, ముందుగాల నెలకు ఎంత తిరుగుతవో అదే చూడాలె. సిటీ ట్రాఫిక్‌ల ఏసీ ఏస్తే పెట్రోల్ బండి లీటరుకు 12 ఇస్తది. హైదరాబాద్‌ల లీటరు 107 పట్టుకో, అంటే కిలోమీటరుకు 9 రూపాయలు. ఈవీ యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు పోతది. ఇంట్ల కరెంటు పది రూపాయల స్లాబ్‌ల పడ్డా, చార్జింగ్‌ల వృథా అయ్యేది కలిపినా రూపాయి ఎనభై దాటదు. నీ లెక్కన నెలకు ఏడు వేలు మిగుల్తయి. నాలుగేండ్లు దాటంగనే మూడున్నర లక్షలు తిరిగొస్తయి. నెలకు 400 తిరిగేటోళ్లకైతే పదేండ్లు పడ్తది, వాళ్లకు నేను పెట్రోలే చెప్త. ఇంకోటి, తెలంగాణల ఈవీలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ ఇచ్చింది 2026 డిసెంబర్ 31 దాకనే. నీకు చెప్పిన ఆన్‌రోడ్ రేటుల అది కలిసిందో లేదో అడుగు.

భీమవరం ప్రసాద్:
నేను పెట్రోల్ వైపేనండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. ఈవీలకి ముందునుంచీ 5 శాతమే కాబట్టి అక్కడ తగ్గిందేం లేదు. డబ్బు సంగతి పక్కన పెట్టినా, మా బావగారి ఈవీకి చార్జింగ్ పోర్టు పాడైతే పార్టు రావడానికి మూడు వారాలు పట్టింది. సర్వీస్ సెంటర్ విజయవాడలో, బండి అక్కడే ఉండిపోయింది. నా బండికి ఏమొచ్చినా మా వీధి చివరి మెకానిక్ సాయంత్రానికి చేసిచ్చేస్తాడు. ఇంట్లో ఒకటే కారుంటే, అందులోనూ పెద్దవాళ్లుంటే, ఈ విషయం తేలిగ్గా తీసుకోకండి.

మియాపూర్ మధు:
మా ఇంట్లోనూ ఒకటే కారు ప్రసాద్ గారూ. నాకున్న అసలు భయం బ్యాటరీ. ఎనిమిదేళ్ల వారంటీ అయిపోయాక ఏంటి?

వైజాగ్ లక్ష్మి:
బ్యాటరీ ఒక్కరోజులో చచ్చిపోదండి, ఏటా కొంచెం కొంచెంగా తగ్గుతుంది. దాన్ని ఎక్కువగా తినేవి రెండు: ఎండ, నిండా చార్జ్ చేసి రోజుల తరబడి వదిలేయడం. మీది సెల్లార్ పార్కింగ్ కాబట్టి మొదటి బాధ సగం తీరినట్టే. కొనేముందు బ్యాటరీ లోపలి సెల్ ఏ రకమో అడగండి. ఎల్‌ఎఫ్‌పీ (ఐరన్, ఫాస్ఫేట్ వాడే లిథియం సెల్) అయితే ఎక్కువ సార్లు చార్జింగ్‌కి తట్టుకుంటుంది, అప్పుడప్పుడు వంద శాతం చేయమని కంపెనీయే చెప్తుంది. ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ వాడేది) అయితే రోజూ 80 దగ్గర ఆపడం మంచిది. వారంటీ మామూలుగా 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు. టాటా, మహీంద్రా కొన్ని మోడళ్లకి మొదటి ఓనరుకి జీవితకాలం అంటున్నాయి. టాటా చెప్పే జీవితకాలం రిజిస్ట్రేషన్ నుంచి 15 ఏళ్లు. పదేళ్లు మీరే వాడతానంటున్నారు కాబట్టి మీకు పనికొచ్చే షరతు అది. బ్యాటరీ సామర్థ్యం ఎంత శాతం కంటే తగ్గితే మారుస్తారో కాగితం మీద చూసుకోండి, నోటిమాట వద్దు.

సూర్యాపేట కిరణ్:
ఏలూరు సంగతి నేను చెప్తా. ఒకవైపుకే 330 కిలోమీటర్ల పైనే. హైవే మీద వంద స్పీడ్‌లో 45 యూనిట్ల బ్యాటరీ 280 దాకా ఇస్తుంది, కాబట్టి ఒక స్టాప్ తప్పదు. సూర్యాపేటలో టిఫిన్ చేసేలోపు సరిపడా ఎక్కుతుంది. ఫాస్ట్ చార్జర్‌లో జీఎస్టీతో కలిపి యూనిట్ 20 రూపాయల పైన పడుతుంది, అయినా పెట్రోల్ కంటే తక్కువే. సంక్రాంతి ముందు రోజు మాత్రం వేరు. పంతంగి టోల్ దగ్గర గంటల తరబడి ఆగినా ఈవీకి పెద్దగా కరెంట్ ఖర్చు కాదు, ఏసీకి గంటకి ఒక యూనిట్ అటూ ఇటూ. చార్జర్ దగ్గర క్యూతోనే ఇబ్బంది. ఆ రోజుల్లో తెల్లవారుజామునే బయల్దేరండి.

కూకట్‌పల్లి సునీత:
మధు గారూ, నన్నడిగితే కారు ఎంచుకోవడం తర్వాత, ముందు సెల్లార్ ప్లగ్ తేల్చుకోండి. అది లేకపోతే పైన శ్రీను గారు చెప్పిన లెక్క మొత్తం మారిపోతుంది, ప్రతిసారీ బయట 20 పెట్టి ఎక్కించాలి. మా అసోసియేషన్ వాళ్లు మంటలొస్తాయని మొదట ఒప్పుకోలేదు. ఉన్న కనెక్షన్ నుంచే ఇంటి దగ్గర చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2024 మార్గదర్శకాల్లో ఉంది. ఆ పేజీ ప్రింట్ తీసి మీటింగ్‌లో పెట్టాం. మీటర్ రూమ్‌లో మా మీటర్ నుంచే ఆర్మర్డ్ కేబుల్ (పైన ఉక్కు తొడుగు ఉండేది) లాగించి, విడిగా ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే ఆపే స్విచ్), ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే ఆపే స్విచ్) పెట్టించాం. ఇంతా చేస్తే మొదటిరోజు చార్జర్‌లో ఎర్ర లైట్! ఎలక్ట్రీషియన్ న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటర్ పెట్టి చూస్తే పన్నెండు వోల్టులు చూపించింది. అంత చూపించకూడదట, బిల్డింగ్ ఎర్తింగ్ ఎప్పుడో ఎండిపోయింది. వెనక ఖాళీ స్థలంలో కొత్త గుంత తవ్వించి, రాగి రాడ్ దింపి, బొగ్గూ ఉప్పూ పోసి నీళ్లు పట్టాక రెండు వోల్టులకు వచ్చింది. అప్పటినుంచి ఇబ్బంది లేదు. ఇంకో మాట, 12 వోల్టుల చిన్న బ్యాటరీని అందరూ మర్చిపోతారు. అది పడిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు కదలదు. ఊరెళ్లేముందు చెక్ చేయించండి.

మియాపూర్ మధు:
సునీత గారూ, చాలా థ్యాంక్స్. ఆదివారం మా అసోసియేషన్ మీటింగ్ ఉంది, ఈ విషయం పెడతాను. వాళ్లు కాదంటే ప్రసాద్ గారి మాటే, పెట్రోల్ తీసుకుంటాను. కేబుల్ ఏ సైజు వేశారు?

కూకట్‌పల్లి సునీత:
7 కిలోవాట్ల చార్జర్‌కి 6 చదరపు మిల్లీమీటర్ల కాపర్. మీటర్ రూమ్ దూరమైతే 10 వేయించండి. శాంక్షన్డ్ లోడ్ (మీ కనెక్షన్‌కి అనుమతించిన కిలోవాట్లు) పెంచమని కరెంట్ ఆఫీసులో ముందే అప్లికేషన్ పెట్టుకోండి.