స్వరవాద్యం లేకుండా, లయవాద్యాలతోనే జాజ్ సాధ్యమేనా?

ప్రశ్న (విజయనగరం, మృదంగ విద్యార్థి):
మిత్రులం కొందరం కలిసి మృదంగం, డప్పులతోపాటు లారీ షెడ్డులో పడి ఉన్న బ్రేక్ డ్రమ్ములు, ప్లాస్టిక్ డబ్బాలు, బూడితి కంచు పాత్రలతో మాత్రమే ఒక కచేరీ చేయాలని సంకల్పించాము. సాధనలో అందరం ఒకేసారి వాయించేస్తున్నందున తని ఆవర్తనంలోని (కర్ణాటక కచేరీలో లయవాద్యాలే వాయించే ఘట్టంలోని) బిగువు రాక గోలే మిగులుతోంది. దీనిని జాజ్ అనవచ్చునా? అనవచ్చునంటే, దీనికి రూపం ఎక్కడి నుంచి రావాలి?

జవాబు 1:
నిస్సంకోచంగా అనవచ్చునండీ. ప్రసిద్ధ అమెరికన్ జాజ్ డ్రమ్మర్ మాక్స్ రోచ్ 1970లో నెలకొల్పిన ఎంబూమ్ బృందంలో అందరూ లయవాద్యకారులే. అయితే వారు స్వరాన్ని వదులుకోలేదు. మరింబా, వైబ్రఫోన్, టింపని వంటి స్వరం పలికే వాద్యాలను, రాయ్ బ్రూక్స్ వాయించిన రంపాన్ని సైతం చేర్చుకొని, పియానో, ట్రంపెట్ చేయవలసిన పనిని వాటి చేతనే చేయించారు. కనుక మీ వస్తువులలో ఏది ఏ స్థాయిలో పలుకుతుందో, దాని మోత ఎంతసేపు నిలుస్తుందో ముందుగా విని తెలుసుకోండి. రాగి, తగరం కలిసిన కంచు చాలాసేపు మోగుతుంది కాబట్టి దానిపై దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఇవ్వాలి. ప్లాస్టిక్ డబ్బా మోత వెంటనే ఆగిపోతుంది కాబట్టి వేగమైన జతులు (లయ పదబంధాలు) దానికి అప్పగించవచ్చు. పాత్రలో నీరు పోస్తే స్వరస్థాయి తగ్గుతుందని జలతరంగం విన్నవారికి తెలిసినదే.

జవాబు 2 (శ్రీకాకుళం):
రూపం గురించి ఒక మాట. అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ 1939లో బ్రేక్ డ్రమ్ములు, లోహపు రేకులతో కూర్చిన రచనలో 16 బార్ల (తాళపు కొలతల) భాగాన్ని 4, 3, 2, 3, 4గా విభజించి, అటువంటి భాగాలనే 16 పేర్చాడు. అది ఆసాంతం రాసిపెట్టిన సంగీతం, జాజ్ కాదు. అయినా తాళం తెలిసిన మనకు ఆ లెక్క పరాయిది కాదు. అటువంటి చట్రాన్ని స్థిరంగా ఉంచి, ప్రతి భాగంలో ఒక్కరికే మనోధర్మానికి (అప్పటికప్పుడు కల్పించి వాయించడానికి) చోటిచ్చి, మిగిలినవారు తాళం నిలపడమో, పూర్తిగా ఆగిపోవడమో చేస్తే మీ గోల సగం తగ్గుతుంది. మన ఉత్తరాంధ్ర జానపద నృత్యమైన తప్పెటగుళ్లను అలంకారానికి అతికించవద్దని నా మనవి. ఛాతీపై తప్పెట, కాలి గజ్జె ఒకే శరీరం నుంచి ఎలా కలిసి పలుకుతాయో చూసి, ఆ పొందికను నేర్చుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మా బ్రేక్ డ్రమ్ము బల్లపై పెడితే మొద్దుగా పలుకుతోంది. ఏం చేయాలి?

జవాబు 2:
కంపనం బల్లలోకి ఇంకిపోతోంది. స్పాంజిపై బోర్లించండి, లేదా తాడుతో వేలాడదీయండి. పాత డ్రమ్ములలో ఆస్బెస్టాస్ ధూళి ఉండవచ్చు. పొడిగా దులపకుండా, ఊదకుండా, బాగా తడిపి కడిగిన తరువాతే చేత పట్టండి.