“ఒకసారికి ఒక్కటే మార్చు”: పిల్లలకు ఈ సూత్రం ఇంకా నేర్పాలా?

కొలబద్ద

ప్రయోగం అనగానే పిల్లల చేత మనం వల్లె వేయించే మాట ఇది: ఒకసారికి ఒక్క చలరాశినే మార్చాలి, మిగతావన్నీ స్థిరంగా ఉంచాలి. చిన్న తరగతుల్లో సరే. హైస్కూల్లో కూడా దీన్నే శాస్త్రీయ పద్ధతి అంటూ చెప్పడం తప్పని నా వాదన. ప్రకృతిని ఒకసారికి ఒకే ప్రశ్న అడగాలన్న ఈ మాటను గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ 1926లోనే కాదన్నాడు. వ్యవసాయ ప్రయోగాలతో రోజూ కుస్తీ పట్టిన మనిషి ఆయన.

ఈస్ట్ ప్రయోగమే తీసుకోండి. 500 మి.లీ. సీసాలో 100 మి.లీ. నీళ్లు, 5 గ్రాముల పొడి ఈస్ట్, చక్కెర వేసి, మూతికి బెలూన్ తొడిగి 30 నిమిషాలు చూస్తాం. చక్కెర 0.5 గ్రాములా, 5 గ్రాములా? నీళ్లు 20 డిగ్రీలా, 40 డిగ్రీలా? సూత్రం ప్రకారం పోయే పిల్లవాడు 20 డిగ్రీల దగ్గరే ఉండి చక్కెర ఒక్కటే మారుస్తాడు. పెద్ద తేడా కనిపించదు. “చక్కెర మోతాదుతో పని లేదు” అని రాసేస్తాడు. చల్లటి నీళ్లలో ఈస్ట్ మందకొడిగా ఉంటుంది, ఆ అరగంటలో అర గ్రామే దానికి సరిపోతుంది. 40 డిగ్రీల దగ్గరైతే ఆ అర గ్రాము మధ్యలోనే అయిపోతుంది, 5 గ్రాములున్న సీసా మాత్రం ఆగకుండా పొంగుతుంది. అంటే చక్కెర ప్రభావం ఎంతన్నది ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. రెండూ కలిపి మారిస్తే తప్ప ఇది బయటపడదు.

లెక్క కూడా చూడండి. రెండు ఉష్ణోగ్రతలు, రెండు మోతాదులు, ఒక్కోదానికి రెండేసి సీసాలు, మొత్తం 8. ఇందులో చక్కెరకూ 4కు 4 పోలిక (ఎక్కువ మోతాదు సీసాలు 4, తక్కువ మోతాదువి 4) దొరుకుతుంది, ఉష్ణోగ్రతకూ 4కు 4 దొరుకుతుంది. ఒక్కొక్కటే మారుస్తూ అదే పోలిక కావాలంటే మూల స్థితికి 4, చక్కెర మార్పుకు 4, ఉష్ణోగ్రత మార్పుకు 4, మొత్తం 12 సీసాలు. ఎక్కువ సీసాలు పెట్టి తక్కువ తెలుసుకోవడం అన్నమాట.

తూనికరాయి

లెక్క కాదనను. కానీ ఒక్క చలరాశిని సరిగ్గా మార్చడమే పిల్లలకు రావడం లేదండి. అది రాకుండా రెండో దానికి ఎలా వెళ్తాం?

లోలకం చూడండి. “బరువు పెరిగితే ఆవర్తన కాలం (ఒక డోలనానికి, అంటే అటూ ఇటూ ఒక పూర్తి ఊపుకు పట్టే సమయం) మారుతుందా?” అన్నది ప్రశ్న. దారం చివరి కొక్కెం 50 సెం.మీ. దగ్గర ఉంది. మొదట 2.5 సెం.మీ. వ్యాసమున్న వాషర్ ఒకటి, తర్వాత అలాంటివి అయిదు ఒకదాని కింద ఒకటి గొలుసులా వేలాడదీస్తారు. “బరువు ఒక్కటే మార్చాం” అని నమ్ముతారు. కానీ గరిమనాభి (బరువుకు కేంద్ర బిందువు) 5 సెం.మీ. కిందికి దిగిపోయింది, అంటే లోలకం పొడవు కూడా పెరిగింది! దాదాపు 50 సెం.మీ. లోలకానికి 10 డోలనాలకు 14.2 సెకన్లు పడితే, 55కు 14.9 పడతాయి. స్టాప్‌వాచ్ నొక్కడంలో వచ్చే పొరపాటు 0.2 సెకన్ల చుట్టూ ఉంటుంది కాబట్టి ఈ 0.7 స్పష్టంగా కనిపిస్తుంది. “బరువు పెరిగితే లోలకం నెమ్మదిస్తుంది” అని ధీమాగా రాస్తారు. మూడుసార్లు చేసినా అదే వస్తుంది, దాంతో నమ్మకం ఇంకా గట్టిపడుతుంది.

వాషర్లన్నీ ఒకే కొక్కేనికి పక్కపక్కన తగిలించాలి, పొడవు కొక్కెం దాకా కాకుండా వాషర్ల మధ్య వరకూ కొలవాలి. ఈ జాగ్రత్త రావాలంటే “మిగతావి స్థిరం” అన్న మాట మీదే నిలబెట్టి ప్రశ్నించాలి. నాలుగు సీసాల పట్టిక ఇస్తే ఈ తప్పు ఏ గడిలో దాక్కుందో వెతకడం పెద్దవాళ్లకే కష్టం.

బుడగ

@కొలబద్ద మీ ఈస్ట్ ప్రయోగంలోనూ అలాంటి దొంగలే ఉన్నారు. ఇద్దరిని పట్టుకుందాం.

500 మి.లీ. సీసాలో నీళ్లు పోగా దాదాపు 400 మి.లీ. గాలి. చల్లగా ఉండగానే బెలూన్ తొడిగి 40 డిగ్రీల తొట్టిలో పెడితే, ఆ గాలి 20 నుంచి 40కి వేడెక్కి సుమారు 27 మి.లీ. వ్యాకోచిస్తుంది. ఈస్ట్ ఏమీ చేయకుండానే బెలూన్ నిక్కుతుంది. సీసాను ముందు అయిదారు నిమిషాలు తొట్టిలో ఉంచి తర్వాత బెలూన్ తొడగాలి. ఈస్ట్ లేని సీసా ఒకటి ప్రతి తొట్టిలోనూ పక్కన ఉండాలి.

రెండోది మరీ గడుసుది. సాధారణ పీడనం దగ్గర లీటరు నీటిలో కార్బన్ డయాక్సైడ్ 20 డిగ్రీలకు 1.7 గ్రాముల దాకా కరుగుతుంది, 40కి సుమారు ఒక గ్రామే. చల్లటి సీసా వాయువును ఎక్కువగా తన నీళ్లలోనే దాచుకుంటుంది. బెలూన్ మాత్రం “ఈస్ట్ తక్కువ పనిచేసింది” అని చెబుతుంది. నీళ్లు 100 నుంచి 50 మి.లీ.కి తగ్గిస్తే ఈ పొరపాటు సగమవుతుంది, పూర్తిగా పోదు.

ఇక బెలూన్ కొలత సాధనంగా పెద్దగా పనికిరాదు. కొత్త రబ్బరు మొదట్లో బిగుసుకుని ఉంటుంది. ముందే మూడు నాలుగు సార్లు ఊది వదలాలి. గొట్టం పెట్టి, నీళ్లు నింపి బోర్లించిన కొలజాడీలోకి వాయువును పట్టడం ఉత్తమం.

కొలబద్ద

వాయువు కరిగే సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. అయితే ఆ పొరపాటు ఒక్కొక్కటే మార్చే పద్ధతిలోనూ ఉంటుంది కదా! ఉష్ణోగ్రత ఒక్కటే మార్చినా ద్రావణీయత దానితో పాటు మారుతుంది. అంటే “ఒక్కటే మార్చాను” అన్న మాటే భ్రమ. @తూనికరాయి మీ వాషర్ల గొలుసు చెబుతున్నదీ అదే.

తూనికరాయి

భ్రమ అని తెలిసేది ఆ నియమం పెట్టుకుని వెతికినప్పుడే. లోలకం దగ్గర “ఇంకేం మారింది?” అని అడిగితే పొడవు దొరుకుతుంది. మీ 8 సీసాల్లో ఆ ప్రశ్న ఎక్కడ అడుగుతారు?

గళ్లపట్టీ

మధ్యలో వస్తున్నాను, ఎనిమిదిని ఎనిమిదిగా లెక్కపెట్టడం గురించి. 40 డిగ్రీల తొట్టి ఒక్కటే ఉంటే అందులోని నాలుగు సీసాలు ఉష్ణోగ్రత విషయంలో నాలుగు పరీక్షలు కావు, ఒక్కటే. ఆ తొట్టి కిటికీ పక్కన ఉండి చల్లారిపోతే నాలుగూ కలిసే చెడతాయి. చక్కెరకు మాత్రం ఒకే తొట్టిలో పక్కపక్కన పోలిక కాబట్టి ఫర్వాలేదు. కాబట్టి @కొలబద్ద చెప్పిన 4కు 4 చక్కెరకే వర్తిస్తుంది, ఉష్ణోగ్రతకు వర్తించదు.

మార్గం ఉంది. నాలుగు సీసాల చొప్పున రెండు విడతలుగా చేయండి. రెండో విడతలో వేడి తొట్టి, చల్లటి తొట్టి స్థానాలు మార్చండి. ఏ సీసాలో ఈస్ట్ ముందు కలపాలో చీటీలు తీసి నిర్ణయించండి. లేకపోతే ముందు కలిపిన సీసాకు రెండు మూడు నిమిషాలు అదనంగా దక్కుతాయి, ప్రతిసారీ అదే సీసాకు.

ఫలితం పట్టికగా వద్దు, గ్రాఫుగా గీయించండి. అడ్డంగా చక్కెర, నిలువుగా వాయువు, ఒక్కో ఉష్ణోగ్రతకు ఒక్కో గీత. గీతలు సమాంతరంగా ఉంటే రెండు చలరాశులూ వేటి దారిన అవి పనిచేస్తున్నట్టు. ఒకటి చదునుగా ఉండి ఇంకొకటి ఎగబాకితే ఒకదాని ప్రభావం ఇంకొకదాని మీద ఆధారపడినట్టు. అయితే రెండు విడతల చుక్కల్నీ విడివిడిగా పెట్టాలి. విడతల మధ్య ఎడం గీతల మధ్య ఎడమంత ఉంటే ఏదీ తేల్చలేం.

తూనికరాయి

ఈ గ్రాఫు పిల్లలకు అర్థమవుతుంది, ఒప్పుకుంటాను. కానీ నా వరుస మారదు: ముందు లోలకం, వాషర్ల తప్పు వాళ్లే పట్టుకోవాలి, ఆ తర్వాతే సీసాలు.

కొలబద్ద

వరుసకు నాకు అభ్యంతరం లేదు. పరీక్షలో “ఒక్క చలరాశినే మార్చాలి, అవునా కాదా?” అని అడిగి, కాదన్న పిల్లకు సున్నా వేయడమే నాకు మింగుడు పడనిది.