ఆస్ట్రేలియాలో నలర్‌బోర్ మైదానం మీదుగా కారవాన్‌తో అడిలైడ్ నుంచి పెర్త్: వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

అడిలైడ్_అబ్బాయి
నేనూ నా స్నేహితుడూ ఆగస్టులో కారు వెనక కారవాన్ (చక్రాల మీది ఇల్లు) తగిలించుకుని పెర్త్ దాకా వెళ్దామనుకుంటున్నాం. ఇద్దరికీ కారు బాగానే వచ్చు, కారవాన్ లాగడం మాత్రం కొత్త. సెడ్యూనా దాటితే నార్స్‌మన్ వరకు దాదాపు 1,200 కి.మీ. రోడ్‌హౌస్‌లే (బంకు, తిండి, గదులు ఒకేచోట ఉండేవి) తప్ప చెప్పుకోదగ్గ ఊరు లేదంటున్నారు. డీజిల్, నీళ్ళు, తిండి ఎలా చూసుకోవాలి? మావాడికి రెండు పూటలా అన్నం లేకపోతే కుదరదు.

పెర్త్_పెద్దన్న
డీజిల్ గురించి బెంగ వద్దు. ఏ రెండు బంకుల మధ్యా 200 కి.మీ. మించి దూరం లేదు. కానీ కారవాన్ తగిలించాక బండి తాగే తీరు మారిపోతుంది. మాది ఒట్టి కారుగా వంద కి.మీ.కి 10 లీటర్లు తాగేది, వెనక బరువుతో 17 దాకా వెళ్ళింది. పడమరకి వెళ్తుంటే ఎదురుగాలి తగిలి ఇంకా ఎక్కువైంది. అందుకే సగం ట్యాంకు ఉన్నా సరే, కనిపించిన చోటల్లా నింపుకోండి. రేటు నగరం కంటే బాగా ఎక్కువ, అది ముందే లెక్కలో వేసుకోండి.

అంతకంటే ముఖ్యం బరువు. బయల్దేరే ముందు సామానంతా సర్దేసి, నీళ్ళు కూడా నింపి, కాటా మీద తూకం వేయించండి. కారు కొక్కెం మీద పడే బరువు కారవాన్ మొత్తం బరువులో పదోవంతు దగ్గర ఉండాలి. బియ్యం బస్తా, నీళ్ళ క్యాన్లు వెనక మూల పెట్టొద్దు, ఇరుసు మీదకి వచ్చేలా మధ్యలో కింద పెట్టండి. వెనక బరువెక్కితే గాలికి కారవాన్ తోక ఊపడం మొదలెడుతుంది. అలా ఊగినప్పుడు కారు బ్రేకు గట్టిగా తొక్కకండి. యాక్సిలరేటర్ వదిలేసి, కారులోనే ఉండే కారవాన్ బ్రేకుల మీటని చేత్తో మెల్లగా నొక్కితే దారికొస్తుంది. ఆ మీట ఎక్కడుందో ఇద్దరికీ చూడకుండా చెయ్యి పెట్టగలిగేంత అలవాటు కావాలి.

కల్గూర్లీ_కోడలు
తమ్ముడూ, తిండి సంగతి నేను చెప్తాను. రాష్ట్రాల సరిహద్దు దగ్గర క్వారంటైన్ చెక్‌పోస్టు ఉంది. పళ్ళ ఈగలూ తెగుళ్ళూ ఇటు తోటల్లోకి రాకూడదని ప్రతి బండీ ఆపి ఫ్రిజ్ తెరిపిస్తారు. ఉల్లిపాయలు, టమాటాలు, పచ్చిమిరపకాయలు, నిమ్మకాయలు, పచ్చి కరివేపాకు, తేనె ఏదీ దాటనివ్వరు. ఏముందో దాచకుండా ముందే చెప్పండి, వాళ్ళు మర్యాదగానే మాట్లాడతారు.

మేమైతే ముందు రోజు రాత్రి నలర్‌బోర్ రోడ్‌హౌస్ దగ్గర ఆగి, ఉన్న కూరగాయలన్నీ వండేస్తాం. వండిన కూరకి అభ్యంతరం చెప్పలేదు. ఉల్లిపాయ, టమాటా నూనెలో బాగా మగ్గించి డబ్బాల్లో పెట్టుకుంటే, పప్పులో వేసినా అన్నంలో కలుపుకున్నా పూట గడిచిపోతుంది. ఆవకాయ సీసా ఎప్పుడూ వదిలేశారు. నీళ్ళు మాత్రం సెడ్యూనాలోనే నిండా పట్టుకోండి. దారిలో మంచినీళ్ళు బంగారం, కారవాన్ ట్యాంకు నింపుకోనివ్వరు.

బెజవాడ_బాటసారి
నా మాట వింటే ఆ దారి వద్దు. రోజంతా ఒకే పొద, ఒకే ఆకాశం. మేం పోర్ట్ అగస్టా నుంచి పైకి, స్టూవర్ట్ హైవే మీద ఉలూరు అనే పెద్ద ఎర్రరాతి కొండ చూడ్డానికి వెళ్ళాం. మధ్యలో కూబర్ పీడీ ఉంది. 1915లో ఓపల్ రత్నాలు దొరికిన చోటు, ఎండకి తాళలేక జనం నేల కింద ఇళ్ళు తవ్వుకుని ఉంటారు. ఒక రాత్రి అలాంటి గదిలోనే పడుకున్నాం. చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

కల్గూర్లీ_కోడలు
@బెజవాడ_బాటసారి అలా అనేస్తే ఎలా అండీ. ఈ దారిలోనే సముద్రతీరాన ఉన్న హెడ్ ఆఫ్ బైట్ దగ్గర ఆగస్టులో తిమింగలాలు పిల్లలతో ఒడ్డుకి ఎంత దగ్గరగా వస్తాయో! పైన చెక్క వంతెన మీద నిలబడితే కిందే కనిపిస్తాయి. ఆ పక్కనే బుండా కొండచరియలు, నేల అక్కడికక్కడ తెగి సముద్రంలోకి దిగిపోతుంది. నేనైతే ఉలూరు చూశాక కూడా ఈ దారే ఎక్కువ ఇష్టపడతాను.

ఓరుగల్లు_బిడ్డ
తమ్మీ, నేను గీ రోడ్డు మీదనే లారీ నడుపుత. మా రోడ్ ట్రెయిన్‌లు, అంటే ఎన్క ట్రెయిలర్లు తగిలించిన లారీలు, 36.5 మీటర్ల దాకా పొడుగుంటయి, జల్ది ఆగవు. బండిల యూహెచ్ఎఫ్ రేడియో పెట్టుకోండ్రి. లారీలోళ్ళం 40వ చానెల్ల మాట్లాడుతం, కారవాన్లోళ్ళు 18ల ఉంటరు. ఎన్కంగ లారీ వస్తే 40ల ఒక్క మాట చెప్పుండ్రి. మీ లైన్ల మీరు నిమ్మళంగ పోండ్రి, అటూ ఇటూ జరగొద్దు. లారీ పక్కకొచ్చినంక జర స్పీడ్ తగ్గిస్తే చాలు. దాటేటప్పుడు గాలి మిమ్మల్ని గుంజుతది, స్టీరింగ్ గట్టిగ పట్టుకోండ్రి.

పొద్దు గూకినంక నడపొద్దు. కంగారూలు, వొంబాట్లు, ఒంటెలు గప్పుడే రోడ్డెక్కుతయి. అడ్డమొస్తే బ్రేకే కొట్టాలె, స్టీరింగ్ తిప్పితే కారవాన్ పల్టీ కొడ్తది. నేను కండ్లార చూసిన.

ఇంకోటి, దోస్తుతోని పోతుండ్రు కాబట్టి చెప్తున్న. బలడోనియా, కైగూనా రోడ్‌హౌస్‌ల నడుమ 146.6 కి.మీ. ఒక్క వంకర లేదు. నిద్ర గక్కడ్నే పడ్తది. దానికి ముందే సీటు మారుండ్రి. పక్కన కూసున్నోడు ఫోన్ చూసుకుంట ఉండొద్దు, ముచ్చట పెట్టాలె. ఒకడు కారవాన్ల పండుకుంటా అంటే ఒప్పుకోకు, నడుస్తున్న కారవాన్ల మనిషి ఉండుడు చట్టం ఒప్పదు.

అడిలైడ్_అబ్బాయి
అన్నా, చాలా థాంక్స్. మావాడు సరిగ్గా ఆ మాటే అన్నాడు, వెనక పడుకుంటానని. బండి మధ్యలో ఆగిపోతే ఏం చెయ్యాలి? సిగ్నల్ ఉంటుందా?

పెర్త్_పెద్దన్న
రోడ్‌హౌస్‌ల దగ్గర టెల్‌స్ట్రా కంపెనీ ఫోన్ సిగ్నల్ అందుతుంది, మధ్యలో గంటల తరబడి ఏదీ ఉండదు. మ్యాపులు ముందే దించుకోండి. వీలైతే ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే పీఎల్‌బీ ఒకటి కొనండి. బండి ఆగితే దాన్ని వదిలి నడవొద్దు, నీడలో అక్కడే ఉండండి. ఎవరో ఒకరు తప్పక ఆపుతారు, ఆ రోడ్డు మీద అదొక అలవాటు. దారిలో కొన్నిచోట్ల రోడ్డు మీదే రన్‌వే గీతలు కనిపిస్తాయి. ఫ్లయింగ్ డాక్టర్ల విమానం దిగడానికి అవి, అక్కడ బండి ఆపకండి.

అడిలైడ్_అబ్బాయి
చివరిగా ఒకటి. నార్స్‌మన్ చేరాక నేరుగా పెర్త్ వెళ్ళాలా, సముద్రం ఒడ్డునున్న ఎస్పరెన్స్‌కి దిగాలా?

కల్గూర్లీ_కోడలు
రెండు రోజులు చేతిలో ఉంటే ఎస్పరెన్సే. నార్స్‌మన్ నుంచి 200 కి.మీ. దక్షిణానికి. లక్కీ బే ఇసుక తెల్లగా మెరుస్తుంది, కంగారూలు బీచ్ మీదే తిరుగుతాయి. అక్కడి క్యాంపు ముందే బుక్ చేసుకోండి. అన్నట్టు, సరిహద్దు నుంచి కైగూనా దాకా రోడ్‌హౌస్ గడియారాలు పెర్త్ కంటే 45 నిమిషాలు ముందుంటాయి. ఫోన్ టైమ్ నమ్ముకుంటే వంటగది మూసేస్తారు, ఎన్నింటి దాకా ఉంటుందో అక్కడి టైములోనే అడగండి.