ఆంఖ్-మోర్‌పోర్క్ నగరం నిజమైన ఊరిలా ఎందుకు అనిపిస్తుంది?

ప్రశ్న:
టెర్రీ ప్రాచెట్ డిస్క్‌వరల్డ్ నవలల్లో ఆంఖ్-మోర్‌పోర్క్ చుట్టూ తిరిగేవి మూడు ఈమధ్యనే చదివాను. తాబేలు వీపు మీద నాలుగు ఏనుగులు, వాటి మీద పళ్లెంలాంటి లోకం, ఆ లోకంలో ఒక నగరం. ఇంతటి హాస్యకల్పనలోని ఊరు నేను తిరిగిన ఊళ్లంత నిజంగా ఎందుకు అనిపిస్తోందో అర్థం కావడం లేదు. నేనూ ఒక కథ కోసం ఊరిని కల్పిస్తున్నాను గానీ, వింతలు పెంచినకొద్దీ అది నాటకంలో వెనక కట్టిన తెరలాగే మిగిలిపోతోంది.

మొదటి జవాబు:
ఒక వింతను ప్రవేశపెట్టాక దాని లెక్క చివరిదాకా తేల్చడమే ఆయన పద్ధతి. దొంగల సంఘాన్నే చూడండి. నేరం ఎలాగూ పోదు కాబట్టి అది ఒక క్రమంలో సాగాలని పాలకుడు వెటినారి ఆ సంఘానికి చట్టబద్ధత ఇచ్చాడు. అక్కడితో ఆగితే అది చమత్కారమే. కానీ దోచుకున్న దొంగ రసీదు రాసిస్తాడు, ఏడాదికి ఇన్ని దోపిడీలని పరిమితి ఉంటుంది, లైసెన్సు లేని దొంగ తమ పొట్ట కొడుతున్నాడు కాబట్టి వాణ్ణి పట్టి శిక్షించేదీ ఆ సంఘమే. రసీదు దగ్గర నవ్వుతాం, నవ్వుతూనే ఆ ఏర్పాటును నమ్మేస్తాం.

రెండో జవాబు:
సంఘాలకంటే ముందు నేలను చూడాలంటాను. మంచినీళ్లు ఊళ్లోకి ఎలా వస్తాయో, మురుగు బయటికి ఎలా పోతుందో ఆలోచించడంతో మొదలుపెట్టాలన్నది ప్రాచెట్ అభిప్రాయం. ఆంఖ్ నది ఒండ్రుతో, మురికితో మనిషి పైన నడిచి దాటగలిగేంత చిక్కగా ఉంటుంది. ఈ నవలలను నాటకాలుగా మలిచిన స్టీఫెన్ బ్రిగ్స్, వాటిలోని వర్ణనలను కలిపి చూసుకుని 1993లో వీధుల పటమే తీసుకురాగలిగారు. నాకు అన్నింటికంటే ఇష్టమైనవి మాత్రం కాపలాదళం అధికారి శామ్ వైమ్స్ బూట్లు. చవక బూట్ల అడుగులు అరిగి ఎంత పల్చబడ్డాయంటే, చిమ్మచీకట్లో కూడా పాదం కింద రాళ్లు తగిలే తీరును బట్టి తాను ఏ వీధిలో ఉన్నాడో అతను చెప్పగలడు. అతని పేదరికం, ఊరి నేల, ఆ ఊరితో అతనికున్న చనువు, మూడూ ఆ అరిగిన తోలులోనే ఉన్నాయి.

మూడో జవాబు:
ఊరు ఒక్కసారిగా ఇలా తయారు కాలేదని కూడా గుర్తుంచుకోవాలి. 1983 నాటి తొలి నవలలో, ఒక పర్యాటకుడు బీమా అంటే ఏమిటో చెప్పి పాలసీ ఇవ్వగానే సత్రం యజమాని తన సత్రానికే నిప్పు పెడతాడు, దాంతో నగరమే తగలబడుతుంది. తరువాతి నవలల్లో 2000లో వార్తాపత్రిక, 2004లో తిరిగి నిలబడిన తపాలా వ్యవస్థ, 2007లో కాగితపు డబ్బు వచ్చాయి. వచ్చిన ప్రతిదానికీ గిట్టనివాళ్లు ఉన్నారు. అచ్చు యంత్రం వస్తే, అప్పటిదాకా అక్షరాలను పలకల మీద చెక్కి ప్రతులు తీసిన పనివాళ్ల సంఘం ఊరుకోలేదు. మార్పు వల్ల నష్టపోయేవాళ్లు కూడా ఉన్నారు కాబట్టే ఆ ఊరికి గతం ఉందనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నా ఊళ్లో దీపాలు వాటంతటవే వెలుగుతాయని రాసుకున్నాను. అంతకుముందు వాటిని వెలిగించి బతికినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారన్న ఆలోచనే నాకు రాలేదు. ఈ రాత్రి అక్కడినుంచే మళ్లీ మొదలుపెడతాను.