అప్‌డేట్: దండీలా, డంబెల్సా?

కండ పెరగాలంటే ఇంట్లో దండీలు, బస్కీలు సరిపోతాయా, జిమ్‌కెళ్లి బరువులెత్తాలా అని అడిగాను కదా, ఇదిగో సంగతి.

ఛాతీకి, చేతులకి ఇల్లే సరిపోతోంది. దండీ తీస్తుంటే మన బరువులో మూడింట రెండొంతుల దాకా చేతుల మీదే పడుతుంది. అది తేలికయ్యాక కాళ్లు మంచం మీద పెట్టి తీస్తున్నా. "ఇంకొక్కటి కూడా రాదనిపించేదాకా తియ్యి తమ్ముడూ" అన్నారొకరు, కిటుకంతా అందులోనే ఉంది.

చిక్కల్లా కాళ్లతోనే. బస్కీలు ఎన్ని తీసినా ఆయాసమే తప్ప తొడలు పెరగలేదు. అందుకే స్క్వాట్లు (బరువు మోస్తూ తీసే బస్కీలు), డెడ్‌లిఫ్ట్‌ల (నేల మీది బరువు పట్టుకుని నిటారుగా లేవడం) కోసం మాత్రం బ్రాడీపేటలో ఓ జిమ్‌లో చేరా. అక్కడైతే 2.5 కిలోల ప్లేట్లు కలుపుకుంటూ పోవచ్చు. గుంటూరు ఎండలకి తెల్లారకముందే లేవాలి, అదో గోల.

ప్రొటీన్ పౌడర్ కొనలేదు. కిలో బరువుకి 1.6 గ్రాముల ప్రొటీన్ లెక్కన గుడ్లు, చికెన్, పెరుగు, శనగలతో లాగిస్తున్నా.