పేగు పూతకు సప్లిమెంట్లు: రక్త పరీక్షకు ముందా, తర్వాతా?

కాజీపేట అక్క:
మా తమ్ముడికి క్రోన్స్ జబ్బు (పేగుల్లో వాపు, పూత వచ్చే దీర్ఘకాలిక జబ్బు) అని కొలనోస్కోపీలో తేలింది. చిన్నపేగు చివర్లో పూత ఉంది. హిమోగ్లోబిన్ 9.2. వచ్చే వారం డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఈలోపే ఐరన్, బి కాంప్లెక్స్, పసుపు క్యాప్సూల్స్ మొదలుపెట్టమని చుట్టాలు ఒకటే పోరు. పెట్టొచ్చా?

జగిత్యాల పసుపు రైతు:
పెట్టు బిడ్డా. రక్తం తక్కువుందని తెలిశాక మళ్లీ పరీక్షలెందుకు? ల్యాబులకే వేలకు వేలు పోతున్నాయి. కార్జం వండిపెట్టు, పుంటికూర పెట్టు, రాత్రికి పసుపు పాలు ఇవ్వు. ఏటా నిజామాబాద్ మార్కెట్‌కు పసుపు వేసేవాణ్ని, దాని గుణం నాకు తెలుసు.

హన్మకొండ ఫార్మసిస్ట్:
అన్నా, ఖర్చు మాట నిజమే. కానీ ఈ జబ్బు ముదిరి ఉన్నప్పుడు మింగిన ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. వాపు ఉన్నప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది. అది ఐరన్‌ను పేగు దాటి రక్తంలోకి పోనివ్వదు. పేగులోనే మిగిలిన ఐరన్‌తో కడుపునొప్పి, విరేచనాలు పెరగొచ్చు. పైగా మలం నల్లబడుతుంది, అది మాత్ర వల్లనో లోపల రక్తం పోవడం వల్లనో తేల్చుకోలేక టెన్షన్. అందుకే వాపు బాగా ఉండి హిమోగ్లోబిన్ 10 లోపు ఉంటే నరానికి ఎక్కించే ఐరన్ వైపే డాక్టర్లు మొగ్గుతారు.

ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ రిపోర్ట్ దగ్గర చాలామంది మోసపోతారు. 70 వస్తే కాగితం మీద నార్మల్ అనే ఉంటుంది. వాపు ఉంటే ఆ అంకె దానంతటదే పెరుగుతుంది, 100 దాకా ఉన్నా ఐరన్ లోపం ఉండొచ్చు. పక్కన వాపును చూపే సీఆర్‌పీ పరీక్ష కూడా చూడాలి.

అక్కా, నాకు ఎక్కువ భయం బి12 గురించే. దాన్ని పీల్చుకునేది చిన్నపేగు చివరి భాగం, తమ్ముడికి పూత ఉన్నదీ అక్కడే. పరీక్షకు రక్తం ఇవ్వకముందే బి కాంప్లెక్స్ వేస్తే అంకె పైకి లేచి లోపం కనపడకుండా పోతుంది. బి12 తగ్గితే నరాలు దెబ్బతింటాయి, అందుకే అరికాళ్లలో తిమ్మిర్లు ఉన్నాయా, అడగండి.

పసుపు మీద మంచి పరిశోధనే జరిగింది. రోజుకు 3 గ్రాముల కర్క్యుమిన్‌ను (పసుపులోని ముఖ్య పదార్థం) మెసలమైన్ అనే పేగు వాపు మందుతో కలిపి ఇచ్చి చూశారు. అయితే అది పెద్దపేగుకు వచ్చే అల్సరేటివ్ కొలైటిస్ అనే వేరే జబ్బుకు, క్రోన్స్‌కు కాదు. మామూలు పసుపులో కర్క్యుమిన్ నూటికి 3 పాళ్లు, పాలల్లో వేసే చెంచాతో ఆ మోతాదు రాదు. మిరియాల సారం కలిపిన క్యాప్సూల్స్‌తో కాలేయం దెబ్బతిన్నవాళ్లూ ఉన్నారు.

జగిత్యాల పసుపు రైతు:
మరి కూలి చేసుకునేవాళ్లు ఏం చేయాలి? అన్ని పరీక్షలు వాళ్లతో అయ్యే పనేనా?

హన్మకొండ ఫార్మసిస్ట్:
ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించుకుంటే తెలంగాణ డయాగ్నస్టిక్స్ అనే సర్కారు ల్యాబుల్లో సీబీపీ (రక్తకణాల లెక్క) లాంటివి ఉచితం. ముందు అవి చేయించి, మిగతావాటిలో ఏది తప్పనిసరో డాక్టర్‌నే అడగాలి. ఊహతో కొనే డబ్బాలకూ డబ్బే కదా అన్నా.

కాజీపేట అక్క:
తిమ్మిర్లు ఉన్నాయట, ఇన్నాళ్లూ చెప్పలేదు. వారం ఆగకుండా రేపే తీసుకెళ్తున్నాం. బి కాంప్లెక్స్ ఇవ్వలేదు.

జగిత్యాల పసుపు రైతు:
తీసుకెళ్లు బిడ్డా. కార్జం మాత్రం మానొద్దు.

హన్మకొండ ఫార్మసిస్ట్:
కార్జం పడితే పెట్టండి, అందులో బి12 మెండుగా ఉంటుంది. పుంటికూర సంగతే కాస్త ఆగండి. పేగు ఎక్కడైనా సన్నబడితే పీచు అడ్డం పడొచ్చు, స్కాన్‌లో ఏముందో రేపు అడగండి.