వెనుక సస్పెన్షన్ లింకేజీ బేరింగులను ఇంటి దగ్గరే విప్పి గ్రీజు పెట్టుకోవడం ఎలా?

ప్రశ్న (రాజోలు నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. నాది వెనుక ఒకే షాక్ అబ్సార్బర్ (మోనోషాక్), దానిని వెనుక చక్రం వైపుకు కలిపే కీళ్ళ అమరిక (లింకేజీ) ఉన్న టూరింగ్ బండి. ఆరేళ్ళుగా నేనొక్కడినే నడుపుతున్నాను, 42 వేల కిలోమీటర్లు దాటింది. సెలవు దొరికితే మారేడుమిల్లి ఘాట్ మీదుగా చింతూరు దాకా వెళ్ళి వస్తుంటాను కానీ, రోజూ తిరిగేది మాత్రం రొయ్యల చెరువుల గట్ల మీద, అంతర్వేది రోడ్డు మీద. 2022 జూలైలో గోదావరి పోటెత్తినప్పుడు మా వీధిలో నీళ్ళు నిలిచి, బండి వెనుక చక్రం ఇరుసు దాకా మునిగింది. ఆ తరువాత ఇంజన్ ఆయిలు, బ్రేకులు చూపించాను తప్ప ఈ లింకేజీ సంగతి నాకు తట్టలేదు.

నెల రోజులుగా సీటు మీద బరువు పడగానే పాత గుమ్మం తలుపు తెరిచినట్టు కిర్రుమంటోంది. గతుకు దిగినప్పుడు అడుగున ‘టక్’ మనే చప్పుడు కూడా తోడైంది. దగ్గరలోని ఒక షాపులో చూపిస్తే కింద నుంచి నూనె చిమ్మి పంపారు. వారం తిరగకుండా శబ్దం మళ్ళీ మొదలైంది. రెండోసారి వెళ్ళినప్పుడు షాక్ అబ్సార్బరే పోయింది, మార్చాలన్నారు. దాని ధర విని వెనక్కి వచ్చేశాను. ఇంట్లో సాకెట్ల పెట్టె ఉంది, టార్క్ రెంచి అరువు దొరుకుతుంది, బండికి సెంటర్ స్టాండు ఉంది. లింకేజీ నేనే విప్పుకోవచ్చా? షాక్ పోయిందో, బేరింగులు పోయాయో ముందే తెలుసుకునే మార్గం ఏమైనా ఉందా? పెద్దలు దయచేసి చెప్పగలరు.

సమాధానం (భీమవరం నుంచి)

తమ్ముడుగారూ, తప్పకుండా విప్పుకోవచ్చు. నేను మా ఇంటి వసారాలోనే నా బండికి నాలుగుసార్లు, మా బావమరిది బండికి ఒకసారి చేశాను. మొదటిసారి ఒక ఆదివారం మొత్తం పట్టింది, ఇప్పుడు మధ్యాహ్నం భోజనాల వేళకు ముగుస్తుంది.

ముందు మీ రెండో ప్రశ్న. సెంటర్ స్టాండు వేసి, వెనుక చక్రం గాలిలో ఉండగా టైరును కింద నుంచి రెండు చేతులతో నెమ్మదిగా పైకి ఎత్తి వదలండి. స్ప్రింగు అడ్డుకునే లోపే చక్రం కొద్దిగా ఖాళీగా కదిలి ‘టక్’ మంటే, ఆ ఖాళీ లింకేజీ కీళ్ళలోనో షాక్ చివరల బోల్టుల దగ్గరో ఉన్నట్టు. ఇంకొకరిని ఒక్కొక్క కీలు మీద వేలు ఆనించి ఉంచమంటే ఏ కీలు ఆడుతోందో వేలికే తెలిసిపోతుంది. చక్రం పక్కలకు ఊగితే మాత్రం అది లింకేజీది కాదు. స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని మోసే పొడవాటి చేయి) ఫ్రేముకు కలిసే కీలు, అంటే పివట్‌నూ, చక్రం బేరింగులనూ చూసుకోవాలి. తరువాత షాక్ కింది బోల్టు తీసేశాక చక్రాన్ని చేత్తో పైకీ కిందికీ ఆడించండి. అప్పుడు కూడా అదే శబ్దం వస్తే అది షాక్‌ది కాదు; రాడ్ మీద నూనె కారిన తడి కూడా లేకపోతే, షాక్‌ను ఇంకా కొంతకాలం నమ్మవచ్చు. కొత్తది కొనాలో వద్దో ఈ ఒక్క బోల్టు విప్పి తేల్చుకోండి.

ఇవి ఎందుకు పాడవుతాయో తెలిస్తే పని సగం అర్థమవుతుంది. చక్రం బేరింగు గిరగిరా తిరుగుతుంది కాబట్టి లోపలి గ్రీజు చుట్టూ సర్దుకుంటుంది. లింకేజీలోని నీడిల్ బేరింగులు పూర్తి చుట్టు ఎన్నడూ తిరగవు. బండి గతుకులో పడ్డప్పుడు కొద్ది డిగ్రీలు అటూ ఇటూ ఊగుతాయి, అంతే. సన్నటి సూదుల వంటి ఆ రోలర్లు ఉన్నచోటనే నొక్కుకుంటూ అక్కడి గ్రీజును పక్కకు తోసేస్తాయి. తోసిన గ్రీజు తిరిగి రాదు. అక్కడికి నీరు చేరితే ఎర్రటి పొడి తయారై, బోల్టు చుట్టూ ఉండే ఉక్కు గొట్టం (స్లీవ్) మీద రోలరు ఆకారంలోనే గీతలు పడతాయి. వెనుక చక్రం ఎగజిమ్మే బురద నేరుగా తగిలేది ఈ కీళ్ళకే. మన ప్రాంతంలో అది ఉప్పునీటి బురద. కాబట్టి నా లెక్క కిలోమీటర్లది కాదు, ఋతువుది. వానలూ తుఫానులూ వెళ్ళిపోయాక, డిసెంబరులో ఏటా ఒకసారి విప్పుతాను, ఆ ఏడు బండి రెండు వేల కిలోమీటర్లే తిరిగినా సరే. సర్వీసు పుస్తకంలో అంతకంటే తక్కువ గడువు రాసి ఉంటే దానినే పాటించండి.

ఇక విప్పడం. బండిని చదునైన గచ్చు మీద సెంటర్ స్టాండు వేసి, ముందు బ్రేకు లివరును తాడుతో బిగించి కట్టండి. హ్యాండిల్‌ను రెండు వైపుల నుంచీ వసారా స్తంభాలకు కట్టుకుంటే ఇంకా నిశ్చింత. వెనుక టైరు కింద చెక్క పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి, చక్రం బరువు పలకల మీద ఆనేటట్టు చేయండి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. బోల్టు మీద చక్రం బరువు వేలాడుతుంటే అది రాదు, సుత్తితో కొడితే మరలు చెడతాయి. పలకల ఎత్తును ఒక్కొక్క సన్న చెక్కతో మార్చుకుంటూ పోతే, ఏదో ఒక ఎత్తు దగ్గర బోల్టు వేలితో తోస్తే జారేంత తేలికవుతుంది. ఆ ఎత్తు దొరికేదాకా సుత్తి ముట్టుకోకండి. నట్లన్నిటినీ మాత్రం ముందే, భాగాలన్నీ కలిసి ఉన్నప్పుడే, అర చుట్టు వదులు చేసి ఉంచుకోండి. కొన్ని బండ్లలో బోల్టు బయటికి రావడానికి సైలెన్సర్ అడ్డు వస్తుంది. దాని బిగింపు వదులు చేసి కొంచెం పక్కకు జరపాలి.

విప్పే ముందు ఫోనులో ఫొటోలు తీయండి, ఏ బోల్టు ఎటు నుంచి దూరి ఉందో తెలిసేలా. నేను భాగాలను ఇడ్లీ పళ్ళాల్లో పెడతాను. ఒక్కో గుంటలో ఒక్కో కీలుకు చెందిన బోల్టు, స్లీవ్, సీళ్ళు, వాషర్లు వేసి, పళ్ళెం అంచున మార్కరుతో కీలు పేరు రాస్తాను. ఇంట్లోవాళ్ళు ఆ పళ్ళాలను ఇక వంటింట్లోకి రానివ్వరు, అది వేరే సంగతి.

స్లీవ్ బయటికి లాగేటప్పుడు కింద తెల్ల గుడ్డ పరచండి. కొన్ని బేరింగుల్లో రోలర్లను పట్టి ఉంచే పంజరం ఉండదు. రోలర్లు ఒకదానినొకటి ఆనుకొని వరుసగా నిండి ఉంటాయి. స్లీవ్ తీయగానే అవి జలజలా రాలుతాయి. లెక్కపెట్టి, గ్రీజుతో తిరిగి వాటి వరుసలోనే అంటించవచ్చు. ఒక్కటి పోయినా మాత్రం బేరింగు మొత్తం మార్చవలసిందే.

కడగడానికి కిరోసిన్ దొరకడం ఈ రోజుల్లో కష్టం కాబట్టి డీజిల్ వాడండి. పెట్రోలు వద్దు. కడిగి, ఆరబెట్టి, స్లీవ్‌ను వెలుతురులో తిప్పి చూడండి. మెరుపుగా నున్నటి చారలు మాత్రమే ఉంటే భయం లేదు. గోరు అడ్డంగా లాగితే తట్టుకుందంటే ఆ స్లీవ్, దాని బేరింగు రెండూ మార్చాలి. గ్రీజు పాలలా తెల్లబడితే నీరు చేరినట్టు, ఎర్రటి ముద్ద అయితే తుప్పు మొదలైనట్టు.

గ్రీజు విషయంలో మన నీళ్ళకు కాల్షియం సల్ఫొనేట్ రకం చాలా మంచిది, ఉప్పునీటికి బాగా తట్టుకుంటుంది. అది దొరకకపోతే ఎన్‌ఎల్‌జీఐ 2 గ్రేడు (గ్రీజు చిక్కదనం తెలిపే అంకె) లిథియం కాంప్లెక్సు సరిపోతుంది. పాత గ్రీజు మీద కొత్త రకం పూయకండి, రెండూ పొసగక పలచబడి కారిపోవచ్చు. చక్రం బేరింగులో గ్రీజు కుక్కితే వేడెక్కుతుందంటారు, అది నిజమే. కానీ లింకేజీలో తిరుగుడు లేదు కాబట్టి ఆ భయం లేదు. రోలర్ల సందుల్లోకి వేలితో నొక్కి నిండుగా పెట్టండి. రెండు బేరింగుల మధ్య ఉండే ఖాళీలో, సీళ్ళ పెదవుల మీద కూడా నింపండి. లోపల గ్రీజు ఉన్నచోట నీటికి చోటు ఉండదు.

తణుకు నుంచి

నాది లేతు షాపు. పై సమాధానంలో ఒక్క మాట కలుపుతాను. పాత బేరింగును సుత్తితో కొట్టి దింపడం, కొత్తదాన్ని సుత్తితో కొట్టి ఎక్కించడం వల్ల పాడైన రాకర్ ఆర్మ్‌లు (లింకేజీలో బేరింగులు కూర్చునే పోత ముక్కలు) మా దగ్గరకు చాలా వస్తాయి. ఈ బేరింగుల గుల్ల పలుచటి రేకు వంటిది, ఒక్క దెబ్బకే సొట్టపడుతుంది. బెంచ్ వైస్ ఉంటే, బేరింగు బయటి కొలత కన్నా పిసరంత చిన్న సాకెట్ ఒక వైపు, బేరింగు దూరేంత పెద్ద సాకెట్ మరో వైపు పెట్టి బిగిస్తే మెల్లగా నెట్టుకుపోతుంది. వైస్ లేకపోతే పొడవాటి మర కడ్డీ, రెండు నట్లు, మందపాటి వాషర్లతో అదే పని జరుగుతుంది. తీయకముందే బేరింగు అంచు ఎంత లోపలికి ఉందో వెర్నియర్‌తో కొలిచి రాసుకోండి, కొత్తది అంతే లోతులో కూర్చోవాలి. అక్షరాలు చెక్కిన అంచు బయటికి ఉండాలి, నొక్కడం ఆ అంచు మీదే. అల్యూమినియం ఆర్మ్‌ను మరిగే నీటిలో పది నిమిషాలు ఉంచి, కొత్త బేరింగును ప్లాస్టిక్ సంచిలో కట్టి రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. ఉక్కు కన్నా అల్యూమినియం దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి ఎక్కించడం తేలికవుతుంది. నేరుగా మంట మాత్రం చూపవద్దు.

బేరింగుల కొట్టులో కొనేటప్పుడు అంచు మీది నంబరు చెప్పండి. ఉదాహరణకు హెచ్‌కే 2020 అంటే లోపలి కొలత 20 మి.మీ., వెడల్పు 20 మి.మీ., దానికి బయటి కొలత 26 మి.మీ. ఉంటుంది. అయితే మీ బండిలో ఉన్నది పంజరం లేని రకమైతే, అదే కొలతల పంజరం రకం తెచ్చి పెట్టకండి. దానిలో రోలర్లు తక్కువ, మోయగల బరువూ తక్కువే.

కాకినాడ నుంచి

అయ్యా, ఏటా విప్పే బాధ లేకుండా ఆర్మ్‌కు రంధ్రం చేసి గ్రీజు నిప్పిల్ (గ్రీజు గన్‌తో లోపలికి గ్రీజు పంపే చిన్న ముక్కు) బిగించుకుంటే సరిపోదా? ట్రాక్టర్లకు ఉన్నట్టే కదా.

భీమవరం నుంచి

కంపెనీయే నిప్పిల్ పెట్టి ఇచ్చిన ఆర్మ్ అయితే హాయిగా వాడుకోండి. లేనిదానికి డ్రిల్లు వేయడం నాకు ఇష్టం లేదు. వెనుక చక్రం మీద పడే ప్రతి దెబ్బనూ మోసేది ఆ పోత ముక్కే. ఎక్కడ రంధ్రం చేస్తే పగులు మొదలవుతుందో మనకు లెక్కకట్టే సాధనం లేదు. అదీగాక, నిప్పిల్ ద్వారా పంపిన గ్రీజు అడ్డం లేని వైపే పోతుంది. తుప్పు పట్టిన వైపు వెళ్ళిందో లేదో విప్పి చూస్తే తప్ప తెలియదు.

రాజోలు నుంచి

మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశాను. షాక్ బోల్టు తీశాక కూడా చక్రం ఆడిస్తే అదే శబ్దం వచ్చింది, రాడ్ మీద నూనె తడి లేదు, అంటే షాక్ బాగానే ఉంది. రాకర్ ఆర్మ్‌ను స్వింగ్ ఆర్మ్‌కు కలిపే టై రాడ్ల కీళ్ళు రెండూ బాగున్నాయి, గ్రీజు మాత్రం నల్లబడింది. ఫ్రేముకు కలిసే రాకర్ ఆర్మ్ బోల్టు దగ్గరే ఆగిపోయాను. నట్టు వచ్చింది కానీ బోల్టు స్లీవ్‌లోనే పట్టుకుపోయింది. చెక్కలు ఎన్ని విధాలుగా మార్చినా కదలడం లేదు. ఏమి చేయమంటారు?

భీమవరం నుంచి

వరదలో మునిగిన బండికి ఇది ఎదురుచూడవలసినదే. రెండు చివరల నుంచీ తుప్పు వదిలించే నూనె చిమ్మి రాత్రంతా వదిలేయండి. ఉదయం బోల్టును ముందు తోయకండి, తల దగ్గర స్పానర్ పెట్టి తిప్పండి. పావు చుట్టు తిరిగిందంటే బోల్టుకూ స్లీవ్‌కూ మధ్య పట్టు వీడినట్టే. అప్పుడు నట్టును బోల్టు చివరతో సమానంగా ఎక్కించి, దాని మీద ఇత్తడి కడ్డీ ఆనించి కొట్టండి. మరలు చెడవు. తిరిగి బిగించేటప్పుడు బోల్టు నడుము మీద పలుచగా గ్రీజు రాయండి, మరల మీద మాత్రం వద్దు. సర్వీసు పుస్తకంలో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప టార్క్ అంకెలు పొడి మరలకే వర్తిస్తాయి. నైలాన్ రింగు ఉన్న నట్లు కొత్తవి వేయండి. షాక్ చివర రబ్బరు బుష్ ఉంటే ఆ ఒక్క బోల్టును చివరి బిగింపు బండి నేల మీద నిలిచి, మామూలు బరువు పడ్డాకే చేయండి. లేకపోతే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది.

రాజోలు నుంచి

బోల్టు మూడో రోజు పొద్దున తిరిగింది. లోపల గ్రీజు ఆనవాలే లేదు, ఇటుక పొడి కలిపినట్టు ఎర్రటి ముద్ద ఉంది. స్లీవ్ మీద కింది వైపు మాత్రమే పక్కపక్కనే ఆరు గీతలు, ప్రతి దానికీ గోరు తట్టుకుంటోంది. పై వైపు అద్దంలా ఉంది. బేరింగులు రెండూ, స్లీవ్, సీళ్ళు తెప్పించాను. తణుకు వారు చెప్పినట్టు మర కడ్డీతో ఎక్కించాను. మొదటిసారి ఒక సీలు పెదవి లోపలికి మడతపడింది, అది గమనించక స్లీవ్ దూర్చాను. స్లీవ్ బిగుతుగా ఆడుతోందని అనుమానం వచ్చి తీసి చూస్తే తెలిసింది. సీలుకు గ్రీజు రాసి, స్లీవ్‌ను తిప్పుతూ దూరిస్తే సరిగా కూర్చుంది.

నిన్న సాయంత్రం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించి నరసాపురం దాకా వెళ్ళి వచ్చాను. పంటు మీదికి ఎక్కే ఇనుప పలక దగ్గర ఇన్నాళ్ళూ వచ్చే ‘టక్’ రాలేదు. పాత స్లీవ్‌ను మాత్రం పారవేయలేదు, మా వీధిలో ఎవరైనా చూస్తామంటే చూపించడానికి మేజా సొరుగులో ఉంచాను.